పాత అంబాసిడర్‌లో వెనక నుంచి సౌండ్ వస్తోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

అంబాసిడర్ ఉన్నవాళ్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది: "వెనకాల ఏదో సౌండ్ వస్తోంది, మెకానిక్ చూసి క్రౌన్ పినియన్ పోయిందన్నాడు." వెనక చక్రాల మధ్య ఉండే ఇనుప డబ్బా హౌసింగ్; ఇంజన్ తిప్పుడుని చక్రాలకి మళ్లించే పళ్ల చక్రాల జత, చిన్నది పినియన్, పెద్దది క్రౌన్, అందులోనే ఉంటాయి. నిజంగానే క్రౌన్ పినియన్ పోయిన కార్లు ఉంటాయి. కానీ వేరే జబ్బుకి దాని పేరు చెప్పి హౌసింగ్ విప్పించుకున్న కార్లు అంతకంటే ఎక్కువ. ఒకసారి విప్పి, షిమ్ములు (సందు సరిచేసే పల్చటి రేకులు) కదిలించి మళ్లీ బిగించిన క్రౌన్ పినియన్ మునుపటంత నిశ్శబ్దంగా తిరగడం అరుదు. అందుకే స్పానర్ పట్టుకునే ముందు, సౌండ్ దేన్ని బట్టి మారుతోందో తేల్చుకోండి. కింది ప్రశ్నలన్నీ దాని చుట్టూ తిరిగేవే.

ఇది అంబాసిడర్‌కేనా, వేరే పాత కార్లకి కూడానా?

ముందు ఇంజన్, దాని వెనక గేర్ బాక్స్, అక్కణ్ణుంచి తిప్పుడుని వెనక్కి మోసుకెళ్లే పొడవాటి ప్రొపెల్లర్ షాఫ్ట్, చివర క్రౌన్ పినియన్ ఉండే డిఫరెన్షియల్ ఉన్న ఏ కారుకైనా పనికొస్తుంది. ప్రీమియర్ పద్మిని, పాత విల్లీస్ జీపు, మహీంద్రా జీపులు అన్నీ ఈ కోవలోవే. ఉదాహరణలు మాత్రం అంబాసిడర్ నుంచే ఇస్తున్నాను. ఇంగ్లండు మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 ని ఆధారం చేసుకుని బెంగాల్లోని ఉత్తర్‌పారాలో 1950ల చివర మొదలైన ఈ కారు తయారీ 2014 దాకా సాగింది. మధ్యలో ఇంజన్లు మారాయి, స్టీరింగ్ పక్కనుండే గేర్ రాడ్డు కిందికి దిగింది, నాలుగు గేర్లు అయిదయ్యాయి. వెనక కమాన్ కట్టల (పట్టీ స్ప్రింగుల) మీద కూర్చున్న హౌసింగ్ మాత్రం చివరిదాకా అదే పద్ధతి.

సౌండ్ మొదలైంది. అన్నిటికంటే ముందు ఏం చూడాలి?

డిక్కీ ఖాళీ చేయండి. నవ్వుకోవద్దు. జాకీ, దాని రాడ్డు, స్టెఫ్నీ, వీల్ స్పానర్, ఎప్పుడో పెట్టి మర్చిపోయిన కూలెంట్ డబ్బా, అన్నీ బయట పెట్టి ఒక రౌండు వేసి రండి. "డిఫరెన్షియల్లో టకటక" అని వచ్చిన కార్లలో కొన్నిటికి అక్కడే వైద్యం అయిపోతుంది.

ఆ తర్వాత నాలుగు చక్రాల వీల్ నట్లు స్పానర్‌తో బిగించి చూడండి. నట్టు లూజుగా ఉంటే వచ్చే టక్ టక్ శబ్దం అచ్చం క్రాస్ (ప్రొపెల్లర్ షాఫ్ట్ కొసల్లో ఉండే కీలు) పోయినట్టే ఉంటుంది, పైగా చాలా ప్రమాదం. వీల్ కప్పు తీసి లోపల రాయి గానీ నట్టు గానీ పడిందేమో చూడండి. సైలెన్సర్ పైపు హౌసింగ్‌కి తగులుతోందా, హ్యాండ్ బ్రేక్ కేబుల్ ప్రొపెల్లర్ షాఫ్ట్‌కి రాసుకుంటోందా అని కూడా కిందికి వంగి చూడండి. ఎలాగూ వంగారు కాబట్టి కమాన్ కట్టల్ని హౌసింగ్‌కి పట్టి ఉంచే యూ బోల్టుల నట్లు కూడా ఒకసారి పట్టి చూడండి.

సౌండ్ ఇంజన్‌దా, గేర్ బాక్స్‌దా, వెనకదా? ఎలా తేల్చాలి?

ఖాళీ రోడ్డు, పక్కన మాటలు లేకుండా ఒక మనిషి చాలు. ఊరి బయట బైపాస్ మీద తెల్లవారుజామున వెళ్తే ఇంకా మంచిది.

ముందు కారు నిలబెట్టి, న్యూట్రల్లో ఇంజన్ రేజ్ చేయండి. అప్పుడు కూడా అదే సౌండ్ వస్తే వెనక వైపు ఆలోచించే పనే లేదు. డైనమో బేరింగు, వాటర్ పంపు, ఫ్యాన్ బెల్టు ఇలాంటివే. బెల్టు తీసేసి ఒక్క నిమిషం ఇంజన్ నడిపితే, నిమిషం దాటనివ్వకండి, ఆ మూడింటి సంగతి తేలిపోతుంది.

నిలబడి ఉన్నప్పుడు రాకపోతే రోడ్డెక్కండి. యాభై కిలోమీటర్ల వేగంలో సౌండ్ బాగా వినిపిస్తున్నప్పుడు క్లచ్ తొక్కి, గేరు న్యూట్రల్ చేసి, ఇంజన్‌ని ఐడిలింగ్‌కి దిగనివ్వండి. కారు దొర్లుతూ ఉంటుంది. సౌండ్ అలాగే ఉండి, కారు నెమ్మదించే కొద్దీ తగ్గుతూ వస్తే అది చక్రాల వైపు సరుకు: టైరు, వీల్ బేరింగు, హౌసింగ్, ప్రొపెల్లర్ షాఫ్ట్. గేరు తీయగానే ఠక్కున ఆగిపోతే ఇంజన్, క్లచ్, గేర్ బాక్సుల మీద అనుమానం పెట్టుకోవచ్చు. కానీ ఇక్కడే తొందరపడకూడదు. గేరు తీశాక హౌసింగ్ మీద ఇంజన్ లాగుడు బరువు కూడా పోయింది కాబట్టి, బరువు పడితేనే అరిచే క్రౌన్ పినియన్ కూడా అప్పుడు ఊరుకుంటుంది.

దానికి ఇంకో పరీక్ష ఉంది. నాలుగు గేర్ల అంబాసిడర్‌లో నాలుగో గేరు డైరెక్టు. అంటే ఇంజన్ ఎన్ని చుట్లు తిరిగితే ప్రొపెల్లర్ అన్నే చుట్లు. ఆ గేరులో ఎంతసేపు విన్నా ఇంజన్ వేగాన్ని, ప్రొపెల్లర్ వేగాన్ని విడదీయలేరు. అందుకని అదే యాభై కిలోమీటర్ల వేగాన్ని ఒకసారి నాలుగులో, ఒకసారి మూడులో నడపండి. మూడో గేరులో ఇంజన్ ఎక్కువ తిరుగుతుంది, చక్రాలు మాత్రం అదే వేగం. సౌండ్ స్వరం పైకి లేస్తే ఇంజన్ వైపుది. గేరు మార్చినా అదే స్వరంలో ఉంటే గేర్ బాక్స్ వెనకదే. అయిదు గేర్ల ఇసుజు ఇంజన్ కారులో కూడా డైరెక్టు నాలుగోదే, అయిదోది కాదు.

నాలుగులో నిశ్శబ్దంగా ఉండి, ఒకటి రెండు మూడు గేర్లలో మాత్రమే గుర్రుమంటే లే షాఫ్ట్ (గేర్ బాక్సులో కింది గేర్లని తిప్పే పక్క షాఫ్ట్) బేరింగులు, దాని పళ్లు. డైరెక్టు గేరులో బరువు లే షాఫ్ట్ మీద పడదు, అది ఊరికే తిరుగుతుంది. ఈ ఒక్క సంగతి గుర్తుంటే అక్కర్లేని విప్పుళ్లు సగం తగ్గుతాయి.

యాక్సిలరేటర్ తొక్కితే ఊళ పెడుతుంది, వదిలితే ఆగిపోతుంది. ఇది క్రౌన్ పినియనేనా?

చాలావరకు అవును. కానీ మూడు స్థితుల్లో విని చెప్పాలి. ఒకటి, ఎత్తు ఎక్కుతున్నట్టు బాగా తొక్కి. రెండు, గేరులోనే ఉంచి కాలు పూర్తిగా వదిలేసి. మూడు, అటు తొక్కకుండా ఇటు వదలకుండా వేగం నిలకడగా ఉండేలా పెడల్ మీద కాలు తేలించి.

క్రౌన్ పళ్లకి రెండు ముఖాలు. తొక్కినప్పుడు ఒక ముఖం, వదిలినప్పుడు రెండోది పనిచేస్తుంది. తొక్కితే మాత్రమే అరిస్తే ముందు ముఖం అరిగింది, లేదా పినియన్ ఉండాల్సిన లోతులో లేదు. వదిలితే మాత్రమే అరిస్తే పినియన్ బేరింగులు వదులై పినియన్ ముందుకూ వెనక్కూ ఆడుతోందేమో చూడాలి. మూడు స్థితుల్లోనూ ఒకేలా గరగరమంటుంటే అది పళ్ల గోల కాదు, బేరింగు గోల. పళ్ల శబ్దానికి స్వరం ఉంటుంది, ఊఁ అని ఒకే శ్రుతిలో సాగుతుంది. బేరింగు శబ్దానికి శ్రుతి ఉండదు, ఇసుక నూరినట్టు వస్తుంది.

ఇంకో గుర్తు: పళ్ల ఊళ ఒక వేగంలో, ఉదాహరణకి నలభై అయిదు నుంచి యాభై అయిదు మధ్య, బాగా పెరిగి, అది దాటితే తగ్గుతుంది. బేరింగుది వేగంతోపాటు పెరుగుతూనే పోతుంది.

న్యూట్రల్లో గుర్రుమంటుంది, క్లచ్ తొక్కగానే ఆగిపోతుంది.

గేర్ బాక్స్ ముందు షాఫ్ట్ బేరింగు, లేదా లే షాఫ్ట్. క్లచ్ తొక్కితే గేర్ బాక్స్ తిరగడం ఆగుతుంది, అందుకే సౌండ్ కూడా ఆగుతుంది. డీజిల్ అంబాసిడర్లలో ఐడిలింగ్‌లో కొంత గలగల మామూలే. డీజిల్ ఇంజన్ కుదుపులకి పళ్లు ఒకదానికొకటి కొట్టుకుంటాయి. క్లచ్ ప్లేటు మధ్యలో ఉండే చిన్న స్ప్రింగులు వదులైతే ఆ గలగల ఎక్కువవుతుంది. ఐడిలింగ్ కొంచెం పెంచి చూడండి. తగ్గిపోతే టెన్షన్ పడక్కర్లేదు.

దీనికి రివర్సు. క్లచ్ తొక్కితేనే సౌండ్.

పెడల్ మీద కాలు ఆనగానే వస్తే క్లచ్‌ని నెట్టే రిలీజ్ బేరింగు. పాత పెట్రోలు ఇంజన్లలో ఇది గుండ్ల బేరింగు కాదు, కార్బన్ రింగు. అరిగి కార్బన్ అయిపోయాక ఇనుము ఇనుముకి రాసుకుని కీచుమంటుంది. సిగ్నల్ దగ్గర క్లచ్ తొక్కి పట్టుకుని నిలబడే అలవాటు ఉన్నవాళ్ల కార్లలో ఇది త్వరగా పోతుంది. గేరు వేసి, క్లచ్ పూర్తిగా తొక్కి, కారు కదలకుండా ఉన్నప్పుడు మాత్రమే వచ్చే సన్నటి కూత అయితే క్రాంక్ చివర ఉండే పైలట్ బుష్ సంగతి చూడాలి. రెండింటికీ గేర్ బాక్స్ దించాల్సిందే. దించినప్పుడు రెండూ మార్పించేయండి. విడిభాగం ఖర్చు కంటే దించే కూలీయే ఎక్కువ.

ఫస్ట్ గేర్లో, రివర్స్‌లో గట్టిగా ఊళ పెడుతుంది.

కొత్తగా ఉన్నప్పుడు కూడా పెట్టేది. పాత నాలుగు గేర్ల బాక్సులో ఆ రెండింటికీ పళ్లు నిట్టనిలువుగా కోసినవి, మిగతావి ఏటవాలుగా. నిలువు పళ్లు అరవకుండా ఉండవు. వదిలేయండి.

గేరు వేసి క్లచ్ వదలగానే వెనక "టంగ్" అంటుంది.

ఇదే నాకు అన్నిటికంటే ఇష్టమైన ప్రశ్న. ఎందుకంటే దీనికి చెవితో పని లేదు, చేత్తో పట్టుకుని చూడొచ్చు.

కారు చదునైన నేల మీద పెట్టి, నాలుగు చక్రాలకీ ముందూ వెనకా చెక్క దిమ్మెలు పెట్టండి. హ్యాండ్ బ్రేక్ వేసి గేరు న్యూట్రల్ చేయండి. కిందికి దూరి, రెండు చేతులతో ప్రొపెల్లర్ షాఫ్ట్ పట్టుకుని అటూ ఇటూ తిప్పండి. కొంచెం ఆడుతుంది, ఆడాలి కూడా. ఎక్కడ ఆడుతోందన్నదే చూడాలి. ఒక చేత్తో హౌసింగ్ వైపు ఫ్లాంజ్ (షాఫ్ట్‌ని పినియన్‌కి కలిపే బిళ్ల), ఇంకో చేత్తో షాఫ్ట్ పట్టుకోండి. రెండూ ఒకదానితో సంబంధం లేకుండా కదిలితే మధ్యలోని క్రాస్ పోయింది. క్రాస్ దగ్గర అసలు ప్లే ఉండకూడదు, వెంట్రుక వాసి కూడా. ముందు క్రాస్ దగ్గరా ఇలాగే చూడండి. టార్చ్ వేసి క్రాస్ కప్పుల అంచుల వైపు చూస్తే కొన్నిసార్లు ఎర్రటి సన్నని పొడి, తుప్పు పౌడరులా కనబడుతుంది. లోపలి సూది బేరింగులు గ్రీజు లేక ఎండిపోయి, అరిగి, ఆ అరుగుడు బయటికి వస్తోందన్నమాట. ఆ పొడి కనబడితే ఇంకేమీ చూడక్కర్లేదు, క్రాస్ కొనుక్కోండి.

క్రాసులు గట్టిగా ఉండి, ఫ్లాంజ్‌తో సహా పినియనే అటూ ఇటూ తిరుగుతుంటే ఆ ఆట హౌసింగ్ లోపలిది. క్రౌన్ పినియన్ పళ్ల మధ్య ఉండాల్సిన సందు మామూలుగా మిల్లీమీటరులో పదో వంతు నుంచి ఐదో వంతు దాకా. దానికి స్టార్ పినియన్ల (డిఫరెన్షియల్ లోపలి చిన్న పళ్ల చక్రాల) ఆట, యాక్సిల్ షాఫ్ట్ స్ప్లైన్ల (పొడవాటి పళ్ల గాట్ల) ఆట అన్నీ కలిసి ఫ్లాంజ్ దగ్గరికి వచ్చేసరికి బొటనవేలి గోరంత కనబడొచ్చు. పాత కారులో అది జబ్బు కాదు. ఫ్లాంజ్‌ని పైకీ కిందికీ ఎత్తి చూడండి. అలా ఊగితే మాత్రం పినియన్ బేరింగు పోయినట్టే, ఆయిల్ సీల్ కూడా అక్కడ కారుతూ ఉంటుంది.

ఇవేవీ కాకపోతే ఇంజన్ మౌంటింగులు, గేర్ బాక్స్ కింద రబ్బరు చూడండి. రబ్బరు తెగితే క్లచ్ వదిలినప్పుడు ఇంజన్ మొత్తం పక్కకి ఒరిగి తిరిగి పడుతుంది. బానెట్ తెరిచి ఒకరు చూస్తుండగా ఇంకొకరు క్లచ్ మెల్లగా పట్టిస్తే తెలుస్తుంది. చూసేవాళ్లు పక్కన నిలబడాలి, ముందు కాదు.

నెమ్మదిగా కదిలేటప్పుడు పిచ్చుక కూసినట్టు కిచ్ కిచ్.

క్రాస్‌లో గ్రీజు లేదు. నిపుల్ ఉన్న క్రాస్ అయితే గ్రీజు గన్ పెట్టి, నాలుగు కప్పుల సీళ్ల దగ్గరా కొత్త గ్రీజు తొంగిచూసేదాకా కొట్టండి. మూడు చోట్ల వచ్చి ఒక చోట రాకపోతే ఆ నాలుగోది లోపల మూసుకుపోయింది. దాన్ని నమ్ముకుని దూరం వెళ్లొద్దు.

కిచ్ కిచ్ అనేది చక్రం తిరిగే లెక్కకి సరిపోతోందా, షాఫ్ట్ లెక్కకా అని వినండి. చక్రం లెక్క అయితే బ్రేకు డ్రమ్ము. పెడల్ మీద కాలు తేలిగ్గా ఆనిస్తే మారిపోతుంది.

అరవై దాటితే కారంతా వణుకుతుంది. స్టీరింగ్ కాదు, సీటు కింద.

స్టీరింగ్ వణికితే ముందు చక్రాల బ్యాలెన్సింగ్. సీటు, ఫ్లోరు వణికితే ప్రొపెల్లర్ షాఫ్ట్ వైపు చూడాలి. షాఫ్ట్ వంగిందా, దాని మీద అతికించిన బ్యాలెన్స్ ముక్క ఊడిందా, లేక రోడ్డు తారు గడ్డకట్టి అంటుకుందా అని చూడండి. ఇటీవల ఎవరైనా షాఫ్ట్ దించి ఎక్కించారా? అలా అయితే మొదటి అనుమానం అదే. షాఫ్ట్‌లో జారే స్ప్లైన్ జాయింటు ఉంటుంది. దాన్ని విడదీసి మళ్లీ కలిపేటప్పుడు రెండు చివర్ల యోకులూ (క్రాస్‌ని పట్టుకునే చీలిక కొసలు) ఒకే వరుసలో రావాలి. ఒక్క పన్ను పక్కకి తప్పినా షాఫ్ట్ చుట్టుకి రెండుసార్లు కుదుపు వస్తుంది. చాలా షాఫ్టుల మీద బాణం గుర్తులుంటాయి, మట్టి గీకితే కనబడతాయి. లేకపోతే విప్పే ముందే సుద్దముక్కతో గీత గీసుకోవాలి. సుద్ద గీత గీసే మెకానిక్ కనబడితే అతన్ని వదులుకోవద్దు.

టైరు సౌండ్‌ని, హౌసింగ్ సౌండ్‌ని విడదీయడం ఎలా?

రోడ్డు మార్చండి. తారు రోడ్డు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే సౌండ్ తీరు మారితే అది టైరు. హౌసింగ్‌కి కింద తారు ఉందో సిమెంటు ఉందో తెలియదు. అలాగే టైరుకి కాలు తొక్కారా వదిలారా అన్నది దాదాపు పట్టదు, ఒకే వేగంలో ఒకేలా మోగుతుంది.

ఏళ్ల తరబడి షెడ్డులో నిలబెట్టిన కారు అయితే టైర్లు నేలకి ఆనినచోట చదునైపోతాయి. బయటికి తీసిన మొదటి కొన్ని కిలోమీటర్లు ధడ్ ధడ్ అంటుంది, వేడెక్కాక తగ్గుతుంది. తగ్గకపోతే టైరు లోపలి దారాలు పోయాయి. పాత 5.90-15 సైజు నైలాన్ టైర్లలో ఇది ఎక్కువ. పువ్వులు (టైరు పైగాట్లు) బాగానే ఉన్నాయి కదా అని పదేళ్ల నాటి టైరు మీద హైవే ఎక్కొద్దు. అరచేతిని టైరు పువ్వుల మీద అటు ఒకసారి, ఇటు ఒకసారి నిమిరి చూడండి. ఒకవైపు నున్నగా, ఎదురు వైపు రంపం పళ్లలా తగిలితే మీ "పినియన్ ఊళ" అక్కడుంది.

వీల్ బేరింగ్ అని ఎలా తెలుస్తుంది?

ఖాళీ స్థలంలో ముప్పై, నలభై వేగంలో ఎడమకీ కుడికీ మెల్లగా తిప్పండి. ఎడమకి తిరిగినప్పుడు బరువు కుడి చక్రాల మీద పడుతుంది. అప్పుడు సౌండ్ పెరిగితే కుడివైపు బేరింగు, తగ్గితే ఎడమవైపుది కావచ్చు. ముందా వెనకా అన్నది మాత్రం చెవిని నమ్మి చెప్పకండి. అంబాసిడర్ ఫ్లోరు శబ్దాన్ని ఒక చోటి నుంచి ఇంకో చోటికి మోసుకెళ్తుంది. ముందు హబ్బు గోల వెనక సీట్లో కూర్చున్నవాళ్లకి డిక్కీలోంచి వచ్చినట్టు ఉంటుంది.

జాకీ ఎత్తి, స్టాండు పెట్టి, చక్రం చేత్తో తిప్పుతూ రెండో చెయ్యి కమాన్ కట్ట మీద వేయండి. బేరింగు గరుకు చేతికి తెలుస్తుంది. ఇటుకల మీద కారు నిలబెట్టి కిందికి దూరొద్దు, ఇటుక పగిలేముందు చెప్పదు. ఒక చక్రం మాత్రమే పైకెత్తి ఇంజన్ గేరులో నడపడం కూడా వద్దు. కింద ఉన్న చక్రం పట్టు దొరికించుకుంటే కారు స్టాండు మీద నుంచి దూకుతుంది.

బేరింగు కొనేటప్పుడు పాతదాని మీద ముద్రించిన నంబరు చదివి అదే తెచ్చుకోండి. సికింద్రాబాద్ రాణిగంజ్‌లోనైనా, విజయవాడ ఆటోనగర్‌లోనైనా నంబరు చెబితే దొరికే అవకాశం ఎక్కువ. ఈ కార్లలో కొన్ని బేరింగులు అంగుళాల కొలతవి. "మిల్లీమీటర్లది దగ్గర దగ్గరగా సరిపోతుంది" అన్నవాడి దగ్గర కొనకండి.

ఫోన్‌తో ఏమైనా ఉపయోగం ఉందా?

ఉంది, నేననుకున్నదానికంటే ఎక్కువే. శబ్దంలో ఏ స్వరం ఎంత బలంగా ఉందో హెర్ట్జుల్లో గీసి చూపించే ఉచిత యాప్‌లున్నాయి. దాంతోపాటు కొంచెం ఎక్కాలు కావాలి.

మొదట మీ కారు యాక్సిల్ నిష్పత్తి. ముందు చక్రాలకీ, కింద ఉండే వెనక చక్రానికీ దిమ్మెలు బిగించి, ఒక వెనక చక్రం మాత్రం పైకెత్తి, గేరు న్యూట్రల్, హ్యాండ్ బ్రేక్ వదిలి, ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ఒక చక్రం ఆగి ఉన్నప్పుడు రెండోది రెండు చుట్లు తిరిగితేనే క్రౌన్ ఒక చుట్టు తిరుగుతుంది. ఆ లోపల ప్రొపెల్లర్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే నిష్పత్తి. నాలుగున్నర వచ్చిందనుకుందాం. టైరు చుట్టుకొలత సుమారు రెండు మీటర్లు. యాభై కిలోమీటర్ల వేగం అంటే సెకనుకి దాదాపు పద్నాలుగు మీటర్లు, కాబట్టి చక్రం సెకనుకి ఏడు చుట్లు, ప్రొపెల్లర్ ముప్పై చిల్లర, పినియన్‌కి తొమ్మిది పళ్లుంటే పళ్లు కలిసే శబ్దం 280 హెర్ట్జుల దరిదాపు.

ఫోన్‌లో ఏడు దగ్గర కొట్టుకునేది చక్రం, టైరు, డ్రమ్ము. ముప్పై దగ్గర వణికేది షాఫ్ట్ బ్యాలెన్సు. అరవై అయితే క్రాస్ కోణం, యోకుల వరుస. 280 చుట్టుపక్కల ఉంటే క్రౌన్ పినియన్. ఏడు హెర్ట్జులు చెవికి స్వరంగా వినబడవు, ఒంటికి కుదుపుగా తెలుస్తాయి, ఫోన్ మైకు కూడా అంత కింద సరిగ్గా పట్టదు. పైవాటికి మాత్రం బాగా పనికొస్తుంది. ఫోన్ చూసే పని పక్క సీటువాళ్లది.

స్టెతస్కోపు లాంటివి కొనాలా?

పొడవాటి స్క్రూ డ్రైవర్ చాలు. మొన హౌసింగ్ మీద, పిడి చెవి దగ్గర. బెల్టుకీ ఫ్యాన్‌కీ దూరంగా మాత్రమే.

గేర్ రాడ్డు దగ్గర గలగలమంటుంది.

స్టీరింగ్ పక్కన గేరు ఉన్న మోడళ్లలో రాడ్డు కింద లింకేజీ బుష్షులు అరిగితే ఇంజన్ ఒక వేగంలోకి రాగానే మోగుతాయి. గేరు రాడ్డుని చేత్తో గట్టిగా పట్టుకోండి. ఆగిపోతే బుష్షులే. చవకైన పని.

ఆయిల్ మారిస్తే సౌండ్ తగ్గుతుందా?

ఆయిల్ తక్కువైనందువల్ల వచ్చిన సౌండ్ అయితే తగ్గుతుంది, కానీ అప్పటికే జరిగిన అరుగుదల వెనక్కి రాదు. ముందు లెవెల్ ప్లగ్గు విప్పి చూడండి, ఆయిల్ అంచుదాకా ఉండాలి.

అంబాసిడర్ హౌసింగ్‌లో ఉన్నది హైపాయిడ్ రకం. పినియన్ క్రౌన్ మధ్యగీత కంటే కిందికి ఉంటుంది. 1926లో ప్యాకార్డ్ కార్లతో మొదలైన ఈ పద్ధతి వల్ల షాఫ్ట్ కిందికి దిగి ఫ్లోరు తగ్గింది, శబ్దమూ తగ్గింది. దానికి బదులుగా పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాదు, రాసుకుంటూ జారుతాయి. ఆ రాపిడికి మామూలు ఆయిల్ పొర చిరిగిపోతుంది. అందుకే ఈపీ (ఎక్కువ ఒత్తిడిని తట్టుకునే) రకం 90 నంబరు హైపాయిడ్ ఆయిలే పోయాలి.

అదే డబ్బా గేర్ బాక్సులో పోయడం మాత్రం ఆలోచించి చేయాలి. గేర్ బాక్సులో ఇత్తడి, కంచు భాగాలుంటాయి. హైపాయిడ్ కోసం చేసిన జీఎల్-5 రకంలోని గంధకం మందులు కొన్ని వాటిని తినేస్తాయి. గేర్ బాక్సుకి మీ మోడల్ పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే. గేర్ ఆయిల్ అని రాసి ఉంటే జీఎల్-4 తీసుకోండి.

పాత ఆయిల్ తీసేటప్పుడు తెల్లటి పళ్లెంలో పట్టండి. డ్రెయిన్ ప్లగ్గు మీద బూడిద రంగు పేస్టులాంటిది ఉండటం మామూలే. వేళ్ల మధ్య నలిపితే గరుకు తగలకూడదు. మెరిసే రేకులు, సూది ముక్కలు వస్తే ఆ కారుని ఇంటికి కూడా నడపొద్దు.

ఆయిల్ సీల్ మార్పించాక ఊళ మొదలైంది. సంబంధం ఉందా?

ఉంది. పినియన్ సీల్ మార్చాలంటే ఫ్లాంజ్ నట్టు విప్పాలి. ఆ నట్టు బిగింపే పినియన్ బేరింగుల మీద ఒత్తిడిని నిర్ణయిస్తుంది. మునుపటికంటే ఎక్కువ బిగిస్తే బేరింగులు వేడెక్కుతాయి, తక్కువైతే పినియన్ ఆడుతుంది. విప్పేముందే నట్టుకీ పినియన్‌కీ గుర్తు పెట్టి, బయటికి కనబడే మరలు లెక్కపెట్టి, మళ్లీ అక్కడికే తేవాలి. సౌండ్ కొత్తగా వచ్చింది కాబట్టి ఆలస్యం చేయకుండా అదే షాపుకి తీసుకెళ్లండి. వారం నడిపితే బేరింగు ట్రాక్ పాడై, ఇక నట్టు సరిచేసినా లాభం ఉండదు.

క్రౌన్ ఒక్కటి మారిస్తే సరిపోతుందా? పినియన్ బాగానే ఉంది.

సరిపోదు. ఫ్యాక్టరీలో రెండింటినీ కలిపి నూరి జత చేస్తారు, ఒకే జత నంబరు వేస్తారు. వేరే కారు క్రౌన్‌కి మీ పినియన్ పెడితే ఊళ ఖాయం. కొత్త జత వేశాక పళ్లకి రంగు పూసి తిప్పి, గుర్తు పన్ను మధ్యలో పడుతోందో లేదో మీ కళ్ల ముందు చూపించమనండి. ఆ పని చేయకుండా "చెవితో పట్టేస్తాం" అనే షాపులో హౌసింగ్ విప్పించొద్దు.

పాత కారు కొనబోతున్నాను. టెస్ట్ డ్రైవ్‌లో వెనక చాలా నిశ్శబ్దంగా ఉంది.

కనీసం అరగంట నడపండి. అరిగిన పళ్ల గోల కనబడకుండా మరీ చిక్కటి ఆయిల్ పోయడం, గ్రీజు కలపడం, రంపపు పొట్టు వేయడం బ్రోకర్ల పాత విద్య. చల్లగా ఉన్నంతసేపే అది పనిచేస్తుంది. నడిపాక లెవెల్ ప్లగ్గు విప్పి చిటికెన వేలు పెట్టి చూడండి, ఆయిల్ తేనెలా సాగుతూ చెక్క నలుసులు తగిలితే బేరం అక్కడితో ఆపండి. వేడి ఉంటుంది, గుడ్డ పట్టుకోండి.

ఎంత సౌండ్ దాకా భరించొచ్చు? ఎప్పుడు ఆపేయాలి?

ఏళ్ల తరబడి మారకుండా ఒకే శ్రుతిలో ఉన్న ఊళతో ఇంకా వేల కిలోమీటర్లు తిరగొచ్చు. నా మటుకు నేను అలాంటి హౌసింగ్‌ని ముట్టుకోను. ఆయిల్ లెవెల్ చూస్తూ నడుపుతాను. ఇవి మాత్రం కారు ఆపేయాల్సిన గుర్తులు: రోజురోజుకీ పెరిగే గరగర, కొత్తగా వచ్చిన టంగుమనే దెబ్బ, మలుపులో మాత్రమే వచ్చే కటకట, హబ్బు ఒకవైపు మాత్రమే చెయ్యి పెట్టలేనంత వేడి. ప్రొపెల్లర్ ముందు క్రాస్ తెగితే షాఫ్ట్ ముందు కొస రోడ్డుకి గుచ్చుకుంటుంది. క్రాస్‌లో ప్లే కనబడిన కారుని లారీ మీద ఎక్కించి తీసుకెళ్లినా తప్పు లేదు.

మెకానిక్‌కి ఎలా చెప్పాలి?

"క్రౌన్ పినియన్ చూడండి" అని చెప్పకండి. చెబితే అదే చూస్తారు, అదే విప్పుతారు. ఇలా చెప్పండి: "నలభై అయిదు దగ్గర మొదలవుతుంది, తొక్కితేనే వస్తుంది, వదిలితే లేదు, మూడో గేరులోనూ అదే స్వరం, సిమెంటు రోడ్డు మీదా మారలేదు, క్రాసులు చేత్తో చూశాను, ప్లే లేదు." ఈ మాటలు ఒక కాగితం మీద రాసి డాష్‌బోర్డు మీద పెట్టండి, ఎందుకంటే మీతో మాట్లాడే మేస్త్రి ఒకరు, కారు కిందికి దూరే కుర్రాడు ఇంకొకరు. ఆ తర్వాత మేస్త్రిని పక్కన కూర్చోబెట్టుకుని మీరే ఒక రౌండు నడపండి. తొక్కడం, వదలడం, తేలించడం మూడూ చూపించండి. కంపౌండు గోడ పొడవునా అద్దాలు దించి నెమ్మదిగా పోనిస్తే గోడకి తగిలి వెనక్కి వచ్చే శబ్దంలో ఎటువైపు చక్రమో అతనే చెప్పేస్తాడు.